గని కాపలాదారు కవచానికి మట్టి ఎక్కడ అంటాలి?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది అనంతపురం. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మహదేవపురలో సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు అద్దెకు తీసుకుని ఇంకో ఫ్రెండ్‌తో ఉంటున్నాను. కథల పాత్రల వేషాలు వేసుకుని వెళ్ళే మేళా కామిక్ కాన్ ఉంది కదా, ఈసారి దానికి సొంతంగా కవచం చేసుకుని వెళ్ళాలని కోరిక. సినిమా పాత్ర కాదు, నేను రాసుకుంటున్న కథలోది. ఒక గ్రహశకలం మీద లోహాలు తవ్వే గని, దానికి కాపలాదారు. జిమ్‌లో పరిచే ఈవీఏ ఫోమ్ మ్యాట్లు కోసి ఛాతీ, భుజాలు, ముంజేతులు, మోకాళ్ళు, హెల్మెట్ అన్నీ అంటించాను. మొత్తం సిల్వర్ స్ప్రే కొట్టాను. పెళ్ళి బ్యాండు వాళ్ళ డ్రెస్సులా ఉందని రూమ్మేట్ నవ్వాడు. పాతగా కనిపించాలని పైన నల్ల స్ప్రే చల్లితే ఇంకా ఘోరంగా తయారైంది. నడుం దగ్గర వంగితే పెయింట్ పెచ్చులుగా పగులుతోంది. హెల్మెట్ పెట్టుకుంటే కళ్ళజోడు మీద ఆవిరి. వాసన వస్తోందని కింద ఉండే ఓనర్ ఆంటీ ఇప్పటికే రెండుసార్లు పైకి వచ్చారు. ఫొటో పంపిస్తే నాన్న "ఏంట్రా ఈ నాటకాల వేషం?" అన్నారు. నెలన్నర టైముంది. అంతా పారేసి మళ్ళీ మొదలుపెట్టాలా? టెన్షన్‌గా ఉంది.

సమాధానం: తమ్ముడూ, ఏదీ పారెయ్యొద్దు. నువ్వు తిట్టుకుంటున్న ఆ నల్ల స్ప్రే కూడా పనికొస్తుంది, ఎలాగో చెబుతాను. ముందు పగుళ్ళ సంగతి తేల్చుకుందాం. అది తేలకుండా పైన ఎంత రంగు పూసినా వృథా.

ఫోమ్ మెత్తన, స్ప్రే డబ్బాలోని పెయింట్ ఆరాక గట్టి. కిందది వంగుతుంది, పైది వంగలేదు, అందుకే పగులుతోంది. దీనికి తోడు ఫోమ్ నిండా సన్నటి గాలి గదులుంటాయి. వాటిని మూయకుండా రంగు వేస్తే మొదటి కోట్లను అదే తాగేస్తుంది, రంగు అక్కడక్కడా మాత్రమే పట్టుకుంటుంది. నువ్వు హీట్ గన్, అంటే బాగా వేడి గాలి ఊదే పరికరం, వాడావో లేదో రాయలేదు. వాడకపోతే ఒకటి కొనుక్కో, లేదా ఎవరినైనా అడిగి తెచ్చుకో. హెయిర్ డ్రయ్యర్ వేడి దీనికి చాలదు. రంగు వెయ్యని ఫోమ్ మీద హీట్ గన్‌ని ఒకచోట ఆపకుండా తిప్పుతూ పోతే పైపొర కొంచెం నిగనిగలాడుతుంది. గదులు మూసుకున్నాయనడానికి అదే గుర్తు. ఆపి ఉంచితే పొంగి బుడగలొస్తాయి.

ఆ తర్వాత సాగే గుణమున్న పొర ఒకటి పడాలి. చవక దారి తెల్ల ఫెవికాల్. నీళ్ళు కలిపి పల్చగా మూడు నాలుగు కోట్లు, ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి. దీనికో లోపముంది. తడి తగిలితే మెత్తబడి తెల్లగా తేలుతుంది, కాబట్టి దాని మీద రంగూ, ఆ పైన క్లియర్ కోటూ (రంగు లేని రక్షణ పొర) సందు లేకుండా పడాలి. నన్నడిగితే డాబా మీద, బయటి గోడల మీద వేసే సాగే రకం వాటర్‌ప్రూఫ్ కోటింగ్ చిన్న డబ్బా తెచ్చుకోమంటాను. ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. సిమెంటు పగుళ్ళు కదిలినప్పుడు తాను తెగకుండా సాగడానికి చేసిన పొర అది, నీకు కావలసిందీ అదే గుణం. నీళ్ళతో కలిసే రకం చూసి తీసుకో, వాసన తక్కువ. వాడే ముందు చిన్న ఫోమ్ ముక్క మీద పూసి, రెండు రోజులు ఆరనిచ్చి, దాన్ని చుట్ట చుట్టి చూడు. పగలకపోతే మిగతావాటికి వెయ్యి.

ఇప్పటికే పగిలినచోట పెచ్చులన్నీ గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్ళీ పొర వేసుకో. థిన్నర్‌తో తుడవాలనిపిస్తుంది, వద్దు. థిన్నర్‌కి ఫోమ్ ఉబ్బుతుంది, అతుకుల దగ్గర జిగురు వదిలేస్తుంది.

పెయింట్ కంటే పెద్ద తప్పు నడుం దగ్గరుంది. నిజమైన ఇనప కవచం వంగదు. వంగాల్సినచోట అది విడివిడి పట్టీలుగా ఉంటుంది. యూరప్ మధ్యయుగపు యోధుల కవచాల్లో భుజాల దగ్గర, నడుం కింద చూడు. సన్నటి రేకులు ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కి, లోపల తోలు పట్టీలకు రివెట్లతో బిగించి ఉంటాయి. నీ ఛాతీ భాగం పొట్ట దాకా ఒకే పలకగా వచ్చి ఉంటుంది, అందుకే నువ్వు కూర్చుంటే అది మడత పడుతోంది. పక్కటెముకల కింద అడ్డంగా కోసెయ్. పొట్టకు రెండో మూడో పట్టీలు చేసి, అంచులు ఒకదాని మీద ఒకటి వచ్చేలా లోపల వెడల్పాటి ఎలాస్టిక్‌కి అంటించు. మడత పోతే పగులూ పోతుంది, చూడ్డానికి కూడా ఫోమ్ అని ఎవరూ అనుకోరు. ఇంత కష్టపడి చేసినదాన్ని కొయ్యడానికి చెయ్యి రాదని తెలుసు. అయినా కొయ్యి.

ఇప్పుడు అసలు ప్రశ్న, పాతబడినట్టు చెయ్యడం. మొత్తం సిల్వర్ అవ్వడమే నీ గొడవంతా. పనిలో వాడే ఇనప వస్తువు ఏదైనా ముందు రంగు వేసుకుని బయటికొస్తుంది. ఆ రంగు పోయినచోటే లోహం కనిపిస్తుంది. మీ వంటింట్లో గ్యాస్ సిలిండర్‌ని ఒకసారి కూర్చుని తీరిగ్గా చూడు. చేతులు పడే పై రింగు రంగు పోయి నున్నగా ఉంటుంది. నేల మీద ఈడ్చే కింద రింగు గీసుకుపోయి తుప్పెక్కి ఉంటుంది. దొర్లించినచోట పొట్ట చుట్టూ అడ్డంగా గీతలు. పాత రంగు పెచ్చు మీదే కొత్త ఎరుపు వేసిన గుర్తులు. అక్షరాలు సగం చెరిగిపోయి ఉంటాయి. అందులో కారణం లేని మచ్చ ఒక్కటీ లేదు.

మీ ఇంటికి దగ్గర్లోనే ఔటర్ రింగ్ రోడ్డు మీద మెట్రో పనులు సాగుతున్నాయి కదా, అక్కడి జేసీబీలనీ క్రేన్లనీ ఫొటోలు తీసుకో. బకెట్ పళ్ళు మట్టిలో దిగి దిగి తళతళలాడుతుంటాయి. వాటి పక్కనే పసుపు రంగు అంచు పెచ్చు లేచి ఉంటుంది. కీళ్ళ దగ్గర గ్రీజు కారి, దాని మీద దుమ్ము ముద్దలా పట్టి ఉంటుంది. డ్రైవర్ ఎక్కే మెట్టు అరిగిపోయి ఉంటుంది, దాని పక్కన చెయ్యి పట్టుకునే కడ్డీ నల్లగా నిగనిగలాడుతుంది. ఇంటర్నెట్‌లో వేరేవాళ్ళు చేసిన కవచాలు చూసి చెయ్యకు. అవి కాపీకి కాపీలు. వాటిలో ప్రతి అంచూ ఒకే రకంగా అరిగి ఉంటుంది.

నీ నల్ల స్ప్రే తేలిపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. డబ్బాలోంచి పొగలా వచ్చే రంగు ఎత్తు పల్లాలు చూసుకోకుండా అన్నిచోట్లా సమానంగా పడుతుంది. నిజమైన మురికి గాడిలో, మూలలో, రివెట్ చుట్టూ చేరుతుంది, చెయ్యి తగిలే ఎత్తు భాగాల మీద నిలవదు. కాబట్టి ఆ నలుపుని అలాగే ఉండనివ్వు, అదే నీ అడుగు రంగు. దాని మీద స్పాంజి ముక్కతో ముదురు సిల్వర్ తట్టు. గాడుల్లో నలుపు దానంతట అదే మిగులుతుంది.

ఇక నీ పాత్ర గురించి. ఇది నాకు చాలా నచ్చింది, కాస్త ఎక్కువే రాస్తాను, భరించు. గ్రహశకలం మీద గాలి లేదు, వాన లేదు. ఇనుము తుప్పు పట్టాలంటే ఆక్సిజనూ తేమా రెండూ కావాలి. కాబట్టి కవచం మీద అందరూ మొదట పూసే ఆ నారింజ రంగు తుప్పు నీకు అక్కర్లేదు. వాన నీళ్ళు కారిన చారలూ అక్కర్లేదు. వాటి బదులు దుమ్ము ఉంటుంది, మామూలు దుమ్ము కాదు. గాలీ నీరూ అరగదియ్యని చోట రేణువులు గాజు పెంకుల్లా పదునుగా ఉంటాయి, స్థిర విద్యుత్తు వల్ల బట్టను పట్టుకుని వదలవు. 1972 డిసెంబరులో అపోలో 17 వ్యోమగాములు చంద్రుడి మీద నడిచి లోపలికి వచ్చాక తీసిన ఫొటోలు వెతుకు. తెల్లటి సూట్లు బొగ్గు గనిలో పనిచేసి వచ్చినట్టుంటాయి. కాళ్ళు, మోకాళ్ళు, చేతులు బాగా నల్లబడి, పైకి వచ్చేకొద్దీ మురికి పల్చబడుతుంది. నీ కవచానికి అంతకంటే మంచి నమూనా నాకు తెలిసి లేదు.

దుమ్ము రంగు కూడా ఆలోచించు. మన బెంగళూరు ఎర్రమట్టి రాస్తే అది అంగారకుడైపోతుంది. హయబుసా-2 నౌక 2020లో ర్యుగు నుంచి, ఒసైరిస్-రెక్స్ 2023లో బెన్ను నుంచి తెచ్చిన మట్టి బొగ్గంత నల్లగా ఉంది. అవి కార్బన్ ఎక్కువున్న శకలాలు. నీది లోహాల గని. సైకే అనే శకలంలో లోహం బాగా ఉంటుందని అంచనా. దాని దగ్గరికి 2023 అక్టోబరులో బయల్దేరిన నౌక 2029లో గానీ చేరదు. దాని నేలని దగ్గర్నుంచి ఎవరూ చూడలేదు కాబట్టి నువ్వేం చెప్పినా కాదనేవాళ్ళు లేరు. నేనైతే ముదురు బూడిద రంగు తీసుకుని, అందులో లోహపు రజను మెరుపు కొంచెం కలుపుతాను.

తర్వాత ఆ మనిషి చేసే పని. కాపలాదారంటే రోజంతా నిలబడేవాడు, తిరిగేవాడు. ఆయుధమో లాంతరో భుజానికి తగిలించుకుంటాడు కాబట్టి ఒక భుజం మీద పట్టీ రాసుకున్న గుర్తుండాలి, రెండో భుజం మీద ఉండకూడదు. సొరంగం పైకప్పు తక్కువ ఎత్తులో ఉంటే హెల్మెట్ నెత్తి మీద సొట్టలుంటాయి. తలుపు మీట నొక్కే ముంజేయి లోపలి వైపు అరుగుతుంది. కూర్చునే కుర్చీకి నడుం వెనక భాగం ఒరుసుకుంటుంది. ఒక మోకాలి పలక పాడై కొత్తది వేయించుకున్నాడనుకో, అది మాత్రం శుభ్రంగా, కొంచెం వేరే షేడ్‌లో ఉంటుంది. ఒక్క పలక కొత్తదైతే మిగతావి ఎంత పాతవో అందరికీ తెలుస్తుంది. ఇవన్నీ ఒక కాగితం మీద బొమ్మ గీసుకుని గుర్తుపెట్టుకున్నాకే బ్రష్ పట్టుకో. ఛాతీ మీద గని పేరో నంబరో స్టెన్సిల్‌తో తెలుగులో వెయ్యి. గ్రహశకలం మీద అన్నీ ఇంగ్లీషులోనే ఉండాలని రాసిపెట్టి లేదు. సగం అక్షరాలు చెరిగిపోయినట్టు చేస్తే ఇంకా బావుంటుంది.

ఇప్పుడు పని వరస. లోతు గాయాలు రంగు కంటే ముందు ఫోమ్‌లోనే పడాలి. కొత్త బ్లేడుతో సన్నగా కోసి హీట్ గన్ చూపిస్తే కోత దానంతట అదే విచ్చుకుంటుంది. వేడిగా ఉన్నప్పుడే ఉండ చుట్టిన అల్యూమినియం ఫాయిల్ నొక్కితే పోత పోసిన ఇనుము గరుకు వస్తుంది. సన్న ఉల్క రాళ్ళు తగిలిన గుంటలకి పెన్ను మొన చాలు, హెల్మెట్ మీదా భుజాల మీదా మాత్రమే, అదీ అక్కడొకటి ఇక్కడొకటి. స్ప్రే కొట్టేసిన పలకల మీద ఇది చెయ్యాలంటే ఆ చోట రంగు గీకి చెయ్యి. రంగు మీద వేడి పెడితే పొగ, కంపు.

తర్వాత సాగే పొర, దాని మీద ముదురు సిల్వర్. అది పూర్తిగా ఆరాక, రంగు ఊడిపోయినట్టు కనపడాల్సిన అంచుల మీద తెల్ల టూత్‌పేస్టు గానీ వాజ్‌లైన్ గానీ చిన్న చిన్న చుక్కలుగా పెట్టు. వేలితో వద్దు, చింపిన స్పాంజి అంచుతో పెడితే ఆకారాలు సహజంగా వస్తాయి. దాని మీద అసలు రంగు. నీ గనికి యంత్రాల పసుపా, సైన్యపు ఆకుపచ్చా అన్నది నీ ఇష్టం. నా ఓటు మాత్రం వెలిసిన పసుపుకే, నల్ల దుమ్ము దాని మీద బాగా కనిపిస్తుంది. రంగు ఆరాక తడి గుడ్డతో తుడిస్తే పేస్టు ఉన్నచోట పెచ్చు లేచి కింద లోహం బయటపడుతుంది. ఈ రంగంతా ఫెవిక్రిల్ లాంటి నీళ్ళ యాక్రిలిక్‌తో, బ్రష్షూ స్పాంజీతో చెయ్యొచ్చు. ఉప్పు చల్లి రంగు వేసే పద్ధతి ఎక్కడైనా చూసి ఉంటావు, అది స్ప్రేకి పనికొస్తుంది గానీ నీళ్ళ రంగులో ఉప్పు కరిగిపోతుంది.

ఆ పైన మురికి. నలుపులో కొంచెం ముదురు గోధుమ రంగు కలిపి, నీళ్ళతో చారులా పల్చన చేసి, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వెయ్యి. అది వేస్తే రంగు ముత్యాల్లా విడిపోకుండా గాడుల్లోకి పారుతుంది. ఒకసారికి ఒక్క పలకే తీసుకుని పూసి, నిమిషం ఆగి, పాత బనియన్ గుడ్డతో తుడిచెయ్. అన్నీ ఒకేసారి పూస్తే రెండోది తుడిచేలోపు మొదటిది ఆరిపోతుంది. తుడిచే దిశ పైనుంచి కిందికి. గురుత్వాకర్షణ అంతగా లేనిచోట కిందికి ఎందుకు కారుతుందని నువ్వు అడగొచ్చు. కవచం విప్పి రిపేరు చేసే బ్యారక్ గుండ్రంగా తిరుగుతుందని, అక్కడ బరువు ఉంటుందని కథలో ఒక వాక్యం రాసుకో. చూసేవాళ్ళ కంటికి కిందికి జారిన మురికే నిజం.

అంచులకు లోహపు మెరుపు రావడానికి ఖరీదైన పౌడర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. 6బి పెన్సిల్ ములుకు ఉప్పుకాగితం మీద రుద్ది, ఆ పొడిని వేలితో అంచుల మీద రాస్తే అదే పని అవుతుంది. గ్రాఫైట్ మెరుపుని ఏ సిల్వర్ పెయింటూ అందుకోలేదు. చివరగా దుమ్ము. ముల్తానీ మట్టిని సినిమా వాళ్ళు దుమ్ము కోసం ఎప్పట్నుంచో వాడతారు. దాంట్లో మెత్తగా నూరిన బొగ్గు కలిపితే నీకు కావలసిన బూడిద రంగు వస్తుంది. మెత్తటి బ్రష్‌తో మోకాళ్ళ కింద ఎక్కువ, ఛాతీ మీద తక్కువ. అన్నిటి మీదా మ్యాట్ క్లియర్ కోటు. అది పడగానే దుమ్ము సగం మాయమైనట్టు కనిపిస్తుంది, కాబట్టి ముందే ఒక పాలు ఎక్కువ చల్లు. మెరిసే రకం (గ్లాసీ) క్లియర్ పొరపాటున కూడా కొనకు. ప్లాస్టిక్ బొమ్మ అనిపించేది ఆ మెరుపే.

ఎక్కడ ఆపాలో తెలియడం కష్టం. పగటి వెలుతురులో తొడుక్కుని, కాస్త దూరం నుంచి రూమ్మేట్‌తో ఫొటో తీయించుకుని చూడు. ట్యూబ్‌లైటు కింద అన్నీ తక్కువే అనిపించి ఇంకా పూస్తూ పోతావు. రంగు సగం పైగా శుభ్రంగానే మిగలాలి. అంతా మురికైతే ఏదీ మురికిగా కనిపించదు.

ఓనర్ ఆంటీ మాట నిజమే తమ్ముడూ, ఆవిడ పక్షాన నేను కూడా ఉన్నాను. కాంటాక్ట్ జిగురూ స్ప్రే డబ్బాలూ రెండిట్లోనూ ఉన్న ద్రావకాలు ఊరికే కంపు కొట్టడమే కాదు, మండుతాయి. గదిలో తలుపులు వేసుకుని జిగురు పూస్తూ పక్కన గ్యాస్ స్టవ్ మీద టీ పెట్టడం, దేవుడి దగ్గర దీపం వెలిగించి ఉండడం అస్సలు కుదరదు. ఎన్95 మాస్కు ఫోమ్ రుద్దినప్పుడు లేచే పొడిని ఆపుతుంది గానీ ఈ ఆవిర్లని ఆపదు. దానికి యాక్టివేటెడ్ కార్బన్ డబ్బీలు బిగించే మాస్కు వేరే ఉంటుంది, అది కొనుక్కో. అందుకే పైన అంతా బ్రష్ పద్ధతి చెప్పాను. నీకు స్ప్రే అవసరం చివరి మ్యాట్ కోటుకి మాత్రమే. దానికి ఆంటీని ముందే అడిగి డాబా మీద, ఆరేసిన బట్టలకీ నీళ్ళ ట్యాంకుకీ దూరంగా, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె పక్కకి పడుకోబెట్టి దాంట్లో కొట్టు. వాన పడి వెలిసిన సాయంత్రం వద్దు. గాలిలో తేమ ఎక్కువుంటే క్లియర్ కోటు పాలిపోయినట్టు తెల్లబడుతుంది. ఎండ పొడిగా ఉన్న మధ్యాహ్నం చూసుకో. ఆంటీకి పూర్తయ్యాక కవచం చూపించు కూడా. ఎందుకు కంపు కొట్టిందో తెలిస్తే కోపం సగం తగ్గుతుంది.

హెల్మెట్‌కి ఎస్పీ రోడ్‌లో అరచేతిలో సగం ఉండే 5 వోల్టుల ఫ్యాన్లు దొరుకుతాయి. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, శనివారం వెళ్ళు. రెండు తీసుకో. ఒకటి గడ్డం దగ్గర బయటి గాలిని లోపలికి తెచ్చేలా, ఇంకొకటి నడినెత్తి వెనక వేడిగాలిని బయటికి తోసేలా. ఒక్కటే పెడితే లోపలి ఆవిరి లోపలే తిరుగుతుంది. వైర్లు వీపు మీదుగా దించి నడుం వెనక పవర్ బ్యాంక్‌కి కలుపు. కళ్ళజోడు అద్దాల మీద ఒక చుక్క సబ్బు నీళ్ళు రుద్ది ఆరాక పొడి గుడ్డతో తుడిస్తే ఆవిరి పట్టడం తగ్గుతుంది. ముఖానికి అద్దం కావాలంటే జేసీ రోడ్‌లో బైకు హెల్మెట్ల నల్ల వైజర్ కొని కోసుకో. అందులోంచి కాళ్ళ ముందు మెట్టు కనిపిస్తోందా అని ఇంట్లోనే చూసుకో. ఎంత గాలి ఆడినా అరగంటకొకసారి హెల్మెట్ తీసి నీళ్ళు తాగాలి. రూమ్మేట్‌ని వెంట తీసుకెళ్ళు, నవ్వినందుకు శిక్షగా బ్యాగు మోస్తాడు.

పట్టీల గురించి నువ్వు ఏమీ రాయలేదు, అదే నాకు కొంచెం భయంగా ఉంది. ఫోమ్ మీద ఊరికే అంటించిన వెల్‌క్రో మధ్యాహ్నం దాకా కూడా ఉండదు. బ్యాగులకు వాడే నైలాన్ పట్టీ, నొక్కితే ఊడే ప్లాస్టిక్ బకిల్స్ చిక్‌పేట చుట్టుపక్కల సందుల్లో దొరుకుతాయి. పట్టీ చివరని రెండు పొరల ఫోమ్ మధ్య పెట్టి అంటించు. జిగురు రెండు వైపులా పూసి, వేలికి అంటనంతగా ఆరాకే కలపాలి, తొందరపడి తడిగా కలిపితే ఊడుతుంది. వానాకాలంలో ఇంకాసేపు ఆగాలి. అన్నీ బిగించాక తొడుక్కుని మీ ఇంటి మెట్లు ఎక్కి దిగు, కుర్చీలో కూర్చో, కింద పడిన ఫోన్ తియ్యి. ఎక్కడ పట్టేస్తే అక్కడ తగ్గించు. ఇది రంగు వెయ్యకముందే చేసుకో.

నాన్నగారి మాటకి బాధపడకు. నాటకాల వేషమే ఇది, కాదనడం ఎందుకు? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం వాళ్ళ కిరీటాలూ భుజకీర్తులూ చూడు. తేలికైన వస్తువుతో చేసి, దూరంగా కూర్చున్న ప్రేక్షకుడికి బరువైన బంగారంలా కనిపించేలా చేసిన పనితనం అది. నువ్వు చేస్తున్నదీ అదే, కాకపోతే వాళ్ళది దేవతల ఆభరణం కాబట్టి దీపాల వెలుగులో తళతళలాడాలి, నీది కూలి మనిషి కవచం కాబట్టి మెరవకూడదు. ఈసారి ఫొటో పంపేటప్పుడు ఆ కాపలాదారు ఎవరో, ఏ భుజం ఎందుకు అరిగిందో కూడా రాసి పంపు. నాన్నగారు ప్రశ్నలు అడగడం మొదలుపెడతారని నా అనుమానం.

నెలన్నర సరిపోతుందా అంటే సరిపోతుంది, హడావుడి పడకపోతే. మొదటి రెండు వారాలూ కొయ్యడం, పట్టీలు, నడిచి చూడడం. తర్వాత మూడు వారాలు పొరలూ రంగులూ. ఆఖరి వారం ఖాళీగా ఉంచుకో, ఆరడానికి.

కామిక్ కాన్ వేదిక ఇంతకు ముందులాగే వైట్‌ఫీల్డ్‌లోని కేటీపీఓ ఎగ్జిబిషన్ ప్రాంగణం అయితే మీ సింగయ్యనపాళ్య నుంచి పర్పుల్ లైన్ మెట్రోలో నేరుగా వెళ్ళొచ్చు, కానీ కవచం తొడుక్కుని కాదు. పలకల మధ్య పాత దుప్పట్లు పెట్టి పెద్ద బ్యాగులో తీసుకెళ్ళు. తుపాకీలా కనిపించేది ఏదైనా ఉంటే మెట్రో స్కానర్ దగ్గర ఆపేస్తారు, దాన్ని ముక్కలుగా విడదీసేలా చేసుకో, లేదా ఆ రోజు క్యాబ్ మాట్లాడుకో. లోపల ఎలాంటి ఆయుధ నమూనాలు అనుమతిస్తారో నిర్వాహకుల నియమాలు ముందే చదువు. ఫెవిక్విక్, డబుల్ సైడ్ టేపు, పిన్నీసులు, కొంచెం నల్ల రంగు, ఒక స్పాంజి ముక్క రూమ్మేట్ జేబులో ఉండాలి. ఏదైనా పలక గీసుకుపోతే కంగారు పడకు, రూమ్మేట్ స్పాంజి అందిస్తాడు, గీత మీద కాస్త నలుపు తట్టి నడుస్తూ ఉండు.

వచ్చాక చెమట తుడిచి, ఫ్యాన్ గాలికి ఆరబెట్టి, హెల్మెట్‌లో న్యూస్‌పేపర్లు కుక్కి పెట్టు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో మాత్రం వదిలెయ్యకు. ఆ వేడికి ఫోమ్ వంకర్లు పోతుంది, అతుకులు విడిపోతాయి. అటక మీద పెడితే దాని మీద సూట్‌కేసులు పెట్టొద్దని రూమ్మేట్‌కి కూడా చెప్పు.